మనాదికి మందుంది!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఈ మూడు పట్నాల చుట్టుపక్కల ఏ పల్లెకు వెళ్లినా పెద్దవాళ్ల నోట ఓ మాట వినిపిస్తుంది. 'మనాది'. కొడుకు దూరదేశం పోయిన తల్లికి మనాది. ముసలమ్మ పోయాక ఒంటరైన తాతకు మనాది. కొందరు 'రంది' అంటారు. మరికొందరు 'బుగులు' అంటారు. పేరేదైనా మనిషిని లోపల్నుంచి కొద్దికొద్దిగా తినేసే దిగులే అది.

చూశారా, మన భాషకు ఆ బాధ బాగా తెలుసు. దానికి మూడు నాలుగు పేర్లు కూడా పెట్టుకుంది. తెలియనిదల్లా ఒక్కటే... దానికి వైద్యం ఉందని!

'ఏం అవ్వా, ఎట్లున్నవ్?' అని పలకరించండి. 'ఏముంది బిడ్డా... కాళ్లు గుంజుతున్నయ్, అన్నం సయిస్తలేదు, నిద్ర పడతలేదు' అంటుంది. మనసు బాగాలేదని మాత్రం అనదు. ఇంట్లోవాళ్లు ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తారు. ఆయన ఓ బలం సూది వేస్తాడు. మరీ నీరసంగా ఉందంటే గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తాడు. రెండ్రోజులు బాగానే ఉంటుంది. మూడో రోజు మళ్లీ అదే పాట. చివరికి అందరూ కలిసి తేల్చేది ఒకటే: 'ముసలితనం గదా, అంతే!'

నిజంగా అంతేనా? కాదంటున్నారు ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేసిన పరిశోధకులు.

కాలువ నీళ్లు చూసిన తరం

1967 ఆగస్టు 4న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నాడు ఇరవై ఏళ్ల పడుచువాళ్లు ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ ఉన్నారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో చెలకల్ని మళ్లుగా చేసింది ఆ తరమే. మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరుగా పేరు తెచ్చుకుందంటే వాళ్లు పండించిన వడ్ల వల్లే. వడ్లమ్మిన డబ్బుతో పిల్లల్ని హైదరాబాద్ హాస్టళ్లలో చదివించిందీ వాళ్లే. ఆ పిల్లల్లో చాలామంది అటునుంచి అటే బెంగళూరుకో, అమెరికాకో వెళ్లిపోయారు. తప్పేమీ లేదు. అందుకేగా చదివించింది!

కానీ ఇల్లు పెద్దదై మనుషులు తగ్గారు. నలుగురు కూర్చునే అరుగు పోయి గేటు వచ్చింది. ఫోన్లో మనవడి మొహం కనిపిస్తుంది... మాట సగమే అర్థమవుతుంది. సొంత బిడ్డలతో కలిసి ఉన్న ఇళ్లలోనూ పరిస్థితి గొప్పగా లేదు. అన్నం వేళకు అందుతుంది, మాటే అందదు.

ఒకటికి పది రెట్లు

దేశంలో వృద్ధుల ఆరోగ్యం మీద జరిగిన అతి పెద్ద సర్వే పేరు 'లాసి'. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ, హార్వర్డ్, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు కలిసి 2017-18లో 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా జనాన్ని కలిసి వివరాలు సేకరించాయి. 2021 జనవరిలో కేంద్ర ఆరోగ్యశాఖ ఆ నివేదికను విడుదల చేసింది.

అందులో ఓ లెక్క చూడండి. 'మీకు డిప్రెషన్ ఉందని ఏ డాక్టరైనా చెప్పారా?' అని అడిగితే అరవై దాటినవారిలో అవునన్నది నూటికి ఒక్కరు కూడా లేరు. 0.8 శాతం. వాళ్లనే నిద్ర, ఆకలి, ఆసక్తి, నిస్సత్తువల గురించి పద్ధతి ప్రకారం ప్రశ్నలడిగి చూస్తే తీవ్రమైన డిప్రెషన్ ఉండొచ్చని తేలినవారు 8.3 శాతం. అంటే పది రెట్లు! పదిమందికి మనాది ఉంటే ఒక్కరికే అది జబ్బని తెలుసన్నమాట. మిగతా తొమ్మిది మంది బలం సూదుల దగ్గరే ఆగిపోతున్నారు.

తప్పెవరిదన్న ప్రశ్న

మరి ఎందుకింత దాపరికం? ఈ ప్రశ్నకు గోవాలో జరిగిన ఓ అధ్యయనంలో జవాబు దొరుకుతుంది. మానసిక వైద్య పరిశోధకులు విక్రమ్ పటేల్, మార్టిన్ ప్రిన్స్ అక్కడి జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడించారు. మతిమరుపు జబ్బున్న ఓ పెద్దమనిషి కథ, దిగులు జబ్బున్న మరో పెద్దమనిషి కథ చెప్పి 'వీళ్లకేమైంది?' అని అడిగారు. 2001లో ఆ వివరాలు అచ్చయ్యాయి. ఇలాంటివాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారని జనం ఇట్టే గుర్తుపట్టారు. అయితే దాన్ని వైద్యం అవసరమైన జబ్బు అనుకోలేదు. వయసుతో వచ్చేదేనన్నారు. లేదంటే పిల్లలు సరిగా చూడకపోవడం వల్ల, ప్రేమ కరవవడం వల్ల అలా అయిందన్నారు.

ఈ రెండో మాట దగ్గరే అసలు చిక్కంతా ఉంది. పెద్దవాళ్ల మనసు చెదిరితే ఊరు ముందుగా వేలెత్తి చూపేది కొడుకునూ కోడలినీ. 'వాళ్లు సరిగా చూసుంటే ఇట్లయ్యేదా?' అంటుంది. ఆ మాట పడలేక ఇంట్లోవాళ్లు జబ్బును నాలుగ్గోడల మధ్యే దాచేస్తారు. చుట్టాలొస్తే 'పడుకున్నాడు' అని చెబుతారు. దాచిన జబ్బుకు వైద్యం ఎక్కడిది?

నిర్లక్ష్యం లేదని కాదు. ఉంది. ఒంటరితనం, అవమానం డిప్రెషన్‌ను పెంచుతాయి కూడా. కానీ ప్రేమగా చూసుకునే ఇళ్లలోనూ ఈ జబ్బు వస్తుంది. షుగర్ వచ్చినప్పుడు 'కోడలు సరిగా చూడలేదు' అనం కదా! డిప్రెషన్ విషయంలోనూ, మతిమరుపు విషయంలోనూ ముందు వైద్యం, తర్వాతే పంచాయితీ.

మన నిమ్స్ చెప్పిన సంగతి

పెద్దవాళ్ల మెదడు మీద ప్రపంచం తిరిగి చూసిన పరిశోధన ఒకటి మన హైదరాబాద్ నిమ్స్‌లోనే జరిగింది. న్యూరాలజిస్టు డాక్టర్ సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరోకు చెందిన థామస్ బాక్ తదితరులతో కలిసి చేసిన పని అది. 2006 నుంచి 2012 వరకు నిమ్స్ జ్ఞాపకశక్తి క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించారు. వారిలో 391 మందికి రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు వచ్చు. ఒక్క భాషే వచ్చినవారితో పోలిస్తే వీరిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి! 2013 నవంబరులో 'న్యూరాలజీ' పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి.

అంతకు ముందు విదేశాల్లో ఇలాంటి అధ్యయనాలు రాకపోలేదు. కానీ అక్కడ రెండు భాషలు వచ్చినవారు చాలావరకు వలస వచ్చినవారు. తేడా భాషదా, చదువుదా, వలసదా అన్న సందేహం తీరలేదు. హైదరాబాద్‌లో ఆ ఇబ్బంది లేదు. ఇక్కడ బడి మొహం చూడనివారు కూడా ఇంట్లో ఒక భాష, బజార్లో ఇంకో భాష మాట్లాడేస్తారు. అలా చదువురాని రోగులను విడిగా లెక్కగట్టినా రెండు భాషలవారికి ఆరేళ్ల వెసులుబాటు కనిపించింది. మూడో భాష, నాలుగో భాష వస్తే మాత్రం అదనపు లాభమేదీ కనిపించలేదట!

2016లో ఈ బృందమే పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించింది. పక్షవాతం తర్వాత కూడా ఆలోచన, జ్ఞాపకం మామూలుగా ఉన్నవారు రెండు భాషలు వచ్చినవారిలో 40.5 శాతం. ఒకే భాష వచ్చినవారిలో 19.6 శాతం. డాక్టర్ సువర్ణ ఆ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇదే పని కొనసాగించారు.

మిర్యాలగూడ చుట్టూ ఉన్న తండాల్లో ఇంట్లో లంబాడీ, అంగట్లో తెలుగు మాట్లాడే అవ్వలు ఎందరో! సూర్యాపేటలో ఉర్దూ, తెలుగు రెండూ గడగడా మాట్లాడే తాతలకు కొదవ లేదు. అక్షరం ముక్క రాదని మనం చిన్నచూపు చూసేవాళ్ల బుర్రలో అంత సంపద ఉందన్నమాట. భాష జబ్బును రాకుండా ఆపేస్తుందని కాదు దీనర్థం. మెదడుకు రోజూ పని ఉంటే అది దెబ్బను కాస్త ఎక్కువ కాలం తట్టుకోవచ్చని. పెద్దవాళ్లను పలకరించడం మర్యాద కోసమే కాదు, వాళ్ల మెదడు కోసం కూడా!

బడికి పోనివారికి పరీక్ష ఎలా?

మతిమరుపును కొలిచే పరీక్షల్లో ఎక్కువ భాగం విదేశాల్లో తయారైనవే. 1975 నుంచి వాడుకలో ఉన్న ప్రసిద్ధ పరీక్షలో 'ఒక వాక్యం రాయండి', 'ఈ బొమ్మ చూసి గీయండి' అని అడుగుతారు. జీవితంలో పెన్ను పట్టని రైతుకు ఆ పరీక్ష పెడితే మతి బాగానే ఉన్నా తప్పుతాడు! అందుకే హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పనిచేసిన పరిశోధకులు 1990లలో చదువురానివారికి సరిపోయే హిందీ పరీక్షను రూపొందించారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా అయిదు భారతీయ భాషల్లో పరీక్షల సంచి ఒకటి తయారు చేయించింది. 2020లో ఆ వివరాలు ప్రచురితమయ్యాయి.

ఇవన్నీ వచ్చాక తేలిన లెక్క ఏమిటంటారా? లాసి సర్వేకు అనుబంధంగా జరిగిన అధ్యయనం ప్రకారం దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతానికి డిమెన్షియా ఉంది. సుమారు 88 లక్షల మంది! మగవారిలో 5.8 శాతమైతే ఆడవారిలో 9 శాతం. పట్నాల్లో 5.3 శాతమైతే పల్లెల్లో 8.4 శాతం. మనం అనుకునేదానికి ఇది పూర్తిగా తలకిందులు. 'పల్లెటూరి గాలి, పల్లెటూరి తిండి, వాళ్లకేం' అనుకుంటాం కదా!

మూడూ ఒకటి కావు

మనాది, మతిమరుపు, ఉన్నట్టుండి వచ్చే అయోమయం. ఇంట్లోవాళ్లకు మూడూ ఒకేలా కనిపిస్తాయి. డాక్టర్లు మాత్రం వేర్వేరుగా చూస్తారు.

డిప్రెషన్‌లో మార్పు కొన్ని వారాల్లో కనిపిస్తుంది. తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది. తిండి మీద, టీవీ మీద, ఆఖరికి మనవల మీద కూడా ఆసక్తి పోతుంది. ఏమడిగినా 'నాకు యాదికి లేదు', 'నాతోని కాదు' అంటారు. తమకు మతిమరుపు వచ్చిందని తామే చెప్పుకుంటారు. వైద్యం అందితే ఈ మతిమరుపు చాలామందిలో తగ్గుతుంది కూడా.

డిమెన్షియా నెలలు, ఏళ్ల మీద మెల్లగా కమ్ముకుంటుంది. అడిగిందే అడుగుతారు. తెలిసిన దారి తప్పుతారు. పొయ్యి మీద గిన్నె మరిచిపోతారు. అడిగితే మాత్రం 'నాకేమైంది, నేను బాగానే ఉన్నా' అని కప్పిపుచ్చుకుంటారు.

మూడోది అన్నిటికన్నా తొందరపడాల్సింది. నిన్నటిదాకా బాగున్న మనిషి గంటల్లో, ఒకట్రెండు రోజుల్లో మాట తడబడి, మనుషుల్ని గుర్తుపట్టక, రాత్రిళ్లు అరుస్తున్నారంటే అది గాలి సోకడం కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తుల్లో నిమ్ము, సోడియం పడిపోవడం, కొత్త మందులు పడకపోవడం... ఇలా ఏదో ఒక కారణం ఉంటుంది. మూతి వంకర పోయినా, కాలో చెయ్యో లాగేసినా పక్షవాతం కావచ్చు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే.

థైరాయిడ్ తేడాలు, బి12 లోపం కూడా దిగులునూ మతిమరుపునూ తెచ్చిపెడతాయి. మామూలు రక్తపరీక్షలో బయటపడతాయి. చూపు మందగించడం, వినికిడి తగ్గడం కూడా మనిషిని ఒంటరిని చేస్తాయి. 2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియాను పెంచే 14 కారణాల జాబితా ఇచ్చింది. వాటిని సరిచేసుకోగలిగితే ప్రపంచంలో సుమారు 45 శాతం కేసులను ఆపడమో, వాయిదా వేయడమో చేయవచ్చంది. బీపీ, షుగర్, పొగ, మద్యంతో పాటు వినికిడి లోపం, చూపు లోపం, డిప్రెషన్, ఒంటరితనం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. శుక్లాల ఆపరేషన్, వినికిడి యంత్రం... 'ఈ వయసులో ఎందుకులే' అని మనం వాయిదా వేసేవి ఇవే కదా!

డాక్టర్లే కానక్కర్లేదు

'ఇదంతా బాగానే ఉంది, మా ఊళ్లో మానసిక వైద్యులెక్కడ?' అనే ప్రశ్న సబబే. దానికీ గోవాలోనే ఓ జవాబు దొరికింది. కొద్దిపాటి దిగులు లక్షణాలున్న 181 మంది వృద్ధులను తీసుకుని రెండు జట్లు చేశారు. ఒక జట్టు దగ్గరికి శిక్షణ పొందిన మామూలు మనుషులు వెళ్లారు. డాక్టర్లు కాదు, నర్సులు కాదు. కష్టాన్ని చిన్నచిన్న ముక్కలుగా చేసి దారి వెతకడం నేర్పారు. నిద్ర పట్టే పద్ధతులు చెప్పారు. బీపీ, షుగర్ మందులు వేళకు వేసుకునేలా చూశారు. సర్కారు పథకాలు అందేలా సాయపడ్డారు. ఏడాది తర్వాత చూస్తే తీవ్ర డిప్రెషన్‌లోకి జారినవారు ఈ జట్టులో 4.4 శాతం. మామూలుగా వదిలేసిన జట్టులో 14.4 శాతం. 2019లో ఈ ఫలితాలు ప్రచురించారు.

మన పల్లెల్లో ప్రతి గడపా తెలిసిన ఆశా కార్యకర్తలున్నారు. మహిళా సంఘాలున్నాయి. పింఛను రోజున ఊళ్లోని పెద్దవాళ్లంతా ఒక్కచోట చేరతారు. బీపీ చూసినట్టే రెండు ప్రశ్నలు అడగడానికి పెద్ద ఆస్పత్రి కావాలా? 'ఈ రెండు వారాల్లో మనసు దిగులుగా ఉందా? ఇదివరకు ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయిందా?' ఈ మాత్రం అడిగితే చాలు, ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాలో తెలిసిపోతుంది.

పైస్థాయి వైద్యం కూడా ఇదివరకంత దూరంలో లేదు. సూర్యాపేటలో, నల్గొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. మెడికల్ కాలేజీ ఆస్పత్రి అంటే అందులో మానసిక వైద్య విభాగం ఉండాలన్నది నిబంధన. కోదాడ వారికి సూర్యాపేట, మిర్యాలగూడ వారికి నల్గొండ బస్సెక్కి వెళ్లి రాగలిగే దూరమే.

ఒక్క జాగ్రత్త. డిప్రెషన్ మాత్రలు వేసుకున్న మర్నాడే పనిచేయవు. రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. పని చేయట్లేదని మధ్యలో మానేయకూడదు, తగ్గిందని సొంతంగా ఆపేయకూడదు. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చి వేయడం అసలే వద్దు. రాత్రి లేచినప్పుడు కళ్లు తిరిగి పడితే తుంటి ఎముక విరుగుతుంది.

చూసేవాళ్లను చూసేదెవరు?

మంచాన పడ్డ అత్తకు తలదువ్వేది, రాత్రికి మూడుసార్లు లేచేది, మామ తిట్టినా పళ్లెం చేతికందించేది ఎవరు? చాలా ఇళ్లలో కోడలే. లేదంటే దగ్గర్లో ఉన్న కూతురు. లేదంటే డెబ్బై ఏళ్ల భార్య. వాళ్లకు సెలవు లేదు, జీతం లేదు, మంచిమాటా లేదు. ఊరునుంచి వచ్చిన ఆడపడుచు రెండ్రోజులుండి నాలుగు తప్పులు పట్టి వెళ్తుంది!

గోవాలో 81 కుటుంబాలతో జరిగి 2008లో వెలువడిన మరో అధ్యయనం వీరి గురించే. ఇంటికి వచ్చి జబ్బు గురించి వివరించి, ఎలా మెలగాలో చెప్పి, ధైర్యమిచ్చే మనిషి ఉంటే చూసుకునేవారి మానసిక ఒత్తిడి తగ్గుతుందని అందులో తేలింది. ఆ మనిషి మన ఇంట్లోనే ఉండొచ్చు. డబ్బు పంపే కొడుకు ఏడాదికి రెండు వారాలు వచ్చి తండ్రి పక్కన తాను పడుకుని, వదిననో చెల్లినో పుట్టింటికి పంపితే అదీ వైద్యమే.

నిర్లక్ష్యమే అసలు కారణమైన చోట చట్టమూ ఉంది. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో స్థాయి అధికారి ఆధ్వర్యంలోని ట్రైబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు రూ.10 వేల వరకు పోషణ ఖర్చు ఇప్పించే వీలుంది. చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకుని మొహం చాటేస్తే ఆ రాతను రద్దు చేయించవచ్చు. పెద్దవాళ్ల సాయం కోసం 14567 నంబరు ఉంది. మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

చివరగా మరో మాట. 'ఎందుకీ బతుకు... దేవుడు ఎత్కపోతలేడు' అని పెద్దవాళ్లు అంటుంటారు. అలవాటుగా అంటున్నారని వదిలేయకండి. పక్కన కూర్చుని 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే బరువు దిగుతుంది. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. పొలానికి తెచ్చిన పురుగుమందు డబ్బాలు ఇంట్లో, గొడ్ల కొట్టంలో చేతికందేలా ఉంచకండి.

పండుటాకును చూసి పచ్చటాకు నవ్వినట్లు అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ ఆదివారం మీ ఇంట్లో పండుటాకు పక్కన ఓ అరగంట కూర్చోండి. కాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని కాదు, 'మనసెట్లుంది?' అని అడగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. ఆ ప్రశ్న ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు కదా!